డోర్నకల్ బిషప్ అజరయ్య గారు

కీసర, షామీర్‌పేట, మేడ్చల్ వైపు సంఘాల్లో పెద్ద గుడి అంటే ముందు గుర్తొచ్చేది మెదక్. క్రిస్మస్ రోజుల్లో బండి మాట్లాడుకుని, పిల్లాపాపలతో వెళ్ళి, ఆ మెట్ల మీద ఫొటో దిగి రానివాళ్ళు మనలో తక్కువ. డోర్నకల్ వెళ్ళి చూసి వచ్చినవాళ్ళను మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. సికింద్రాబాదులో విజయవాడ బండెక్కితే, కాజీపేట, మహబూబాబాద్ దాటాక వచ్చే జంక్షన్ అది. మనం కిటికీలోంచి పేరు చదువుకుని ముందుకు పోతాం. ఆ ఊళ్ళో ఒక గుడి ఉంది, గుడి పక్కన ఒక బిషప్ గారి సమాధి ఉంది. మనలో చాలామంది సంఘాల బోర్డుల మీద సి.ఎస్.ఐ. అనే అక్షరాలు ఉన్నాయంటే, ఆ సమాధిలో ఉన్న మనిషి పాతికేళ్ళు పడ్డ పాటు దాని వెనుక ఉంది. ఆయన తెలుగువాడు కాదు. ముప్పై అయిదేళ్ళ వయసులో వచ్చి, తెలుగు అక్షరాలు దిద్దుకుని, తెలుగు పల్లెల్లోనే బతికి, అక్కడే కన్నుమూశాడు.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తమిళదేశంలో, తిరునల్వేలి ప్రాంతపు వెల్లాలన్‌విళై అనే చిన్న ఊళ్ళో పుట్టారు. తండ్రి తోమస్ వేదనాయగం ఆ పల్లె గుడి గురువు. ఆయన హిందూ కుటుంబంలో పుట్టి ప్రభువును తెలుసుకున్నవాడు. తల్లి పేరు ఎలెన్. మగబిడ్డ కోసం ఆ దంపతులు ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. అందుకే పుట్టిన బిడ్డకు హన్నా కొడుకు పేరు పెట్టుకున్నారు. పదిహేనో ఏటనే తండ్రి పోయాడు. తల్లి పెంపకంలో, ఆమె ప్రార్థనలో పెరిగాడు.

ఆ కుటుంబం నాడార్ కులానికి చెందినది. తాటిచెట్లు ఎక్కి కల్లు గీసి బతికిన కులం అది. పెద్ద కులాలవాళ్ళు వాళ్ళను గుడి గడప తొక్కనివ్వలేదు. పక్కనే ఉన్న తిరువాన్కూరు సంస్థానంలో ఆ కులపు ఆడవాళ్ళు రొమ్ము మీద గుడ్డ కప్పుకునే హక్కు కోసం 1859 వరకు పోరాడవలసి వచ్చింది. అజరయ్య గారు పుట్టడానికి పదిహేనేళ్ళ ముందు మాట. సువార్తా చదువూ కలిసి ఆ కులాన్ని ఒక తరంలోనే లేపి నిలబెట్టాయి. ఈ సంగతి ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. తరువాత ఆయన తెలంగాణ పల్లెల్లో ఎవరి గుడిసెల ముందు కూర్చున్నాడో, వాళ్ళలో తన తాతముత్తాతలను చూసుకున్నాడనే నేను అనుకుంటాను.

చదువు మిషన్ బడుల్లో, తరువాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో సాగింది. లెక్కల్లో గట్టివాడు. అయినా డిగ్రీ చేతికి రాకుండానే చదువు ముగిసింది. 1895లో వై.ఎం.సి.ఎ. పనిలో చేరి, దక్షిణాదిలో ఊరూరా తిరిగి యువకుల మధ్య పనిచేశాడు. అక్కడే షేర్వుడ్ ఎడ్డీ అనే అమెరికా యువకుడితో పరిచయమైంది. ఇద్దరూ కలిసి తిరిగారు, కలిసి తిన్నారు, కలిసి మోకరించారు. తెల్లవాడు యజమానిగా కాక తోడుగా ఉండగలడని అజరయ్య గారికి మొదట తెలిసింది ఆ స్నేహంలోనే. మిగతా మిషనెరీల దగ్గర అది ఎంత అరుదో కూడా అప్పుడే తెలిసింది.

1898లో అన్బు మరియమ్మాళ్‌తో పెళ్ళి జరిగింది. ఆ కాలంలోనే కాలేజీ మెట్లెక్కిన ఆడపిల్ల ఆమె. కట్నం లేదు, ఆర్భాటం లేదు. అప్పు చేసి పెళ్ళి చేయడం అలవాటైన క్రైస్తవ కుటుంబాల మధ్య ఆ పెళ్ళి చెప్పుకోదగ్గ వింత అయింది. మన ఫంక్షన్ హాళ్ళు, మన కట్నాల బేరాలు చూసినప్పుడల్లా నాకు ఆ పెళ్ళి గుర్తొస్తుంది. నూట పాతికేళ్ళు దాటాయి, ఇప్పటికీ అది వింతే.

1902లో ఆయన సిలోనులోని జాఫ్నాకు వెళ్ళాడు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో, తమవాళ్ళనే వేరే చోట్లకు సువార్త పనికి పంపుతున్నారు. తిరునల్వేలిలో అంతకంటే ఎంతో పెద్ద సంఘం ఉంది, తరాల నుంచి ఉంది, అయినా బయటివాళ్ళు పంపితే తీసుకోవడమే గాని, తాము పంపింది లేదు. అది చూసి ఆయనకు సిగ్గేసింది. ఊరికి తిరిగివచ్చి పెద్దలను కూర్చోబెట్టి మాట్లాడాడు. 1903 ఫిబ్రవరి 12న తిరునల్వేలి ఇండియన్ మిషనెరీ సొసైటీ మొదలైంది. నియమం ఒక్కటే: మనుషులూ మనవాళ్ళే, డబ్బూ మనదే. రెండేళ్ళకు, 1905 క్రిస్మస్ రోజున, విలియం కేరీ పనిచేసిన శ్రీరాంపూరులో దేశమంతటి నుంచి వచ్చిన క్రైస్తవులు నేషనల్ మిషనెరీ సొసైటీని స్థాపించినప్పుడు కూడా ముందు నిలిచినవాళ్ళలో ఆయన ఒకడు, దాని కార్యదర్శి కూడా ఆయనే.

తిరునల్వేలి సొసైటీ తన పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్. భాష వేరు, ప్రభుత్వం వేరు, తిండి వేరు. సింగరేణి బొగ్గు గనులకు రైలు చీలే చోటు కాబట్టి ఆ పేరు రైల్వే పటాల్లో ఉంది గాని, చుట్టూ అడవి, జ్వరాలు, చెదురుమదురు పల్లెలు. దొరలకు వెట్టి చేసే మాల, మాదిగ కుటుంబాలు ఊరి బయట వాడల్లో ఉండేవి. సర్కారు చదువు ఉర్దూలో. వాడ పిల్లలకు ఆ చదువూ లేదు.

మొదట సొసైటీ పంపిన పనివాళ్ళు వెళ్ళారు. అజరయ్య గారు మద్రాసులో కూర్చుని వాళ్ళ ఉత్తరాలు చదివేవాడు, సభల్లో యువకులను మిషన్ పనికి రమ్మని పిలిచేవాడు. ఇతరులను పొమ్మని చెప్పేవాడు తాను పోకుండా ఎన్నాళ్ళు ఉండగలడు? 1909లో దేశమంతా పేరున్న ఆ ఉద్యోగం వదిలేసి, గురువుగా అభిషేకం పొంది, భార్యాపిల్లలతో డోర్నకల్ చేరాడు. సభల్లో ఇంగ్లీషులో అనర్గళంగా మాట్లాడే మనిషి ఇక్కడ పల్లెటూరి పిల్లవాడికి ఉన్న తెలుగు కూడా లేకుండా నిలబడవలసి వచ్చింది. తెల్లదొరలు తమిళం నేర్చుకునేటప్పుడు ఎలా తడబడతారో ఆయన చిన్నప్పటి నుంచి చూసినవాడే. ఇప్పుడు ఆ తడబాటు తన వంతైంది.

అలా డోర్నకల్‌లో ఏడాది కూడా నిండకముందే ఎడిన్‌బరో నుంచి పిలుపు వచ్చింది. 1910 జూన్‌లో స్కాట్లాండులోని ఆ నగరంలో ప్రపంచ మిషనెరీ సభ జరిగింది. వచ్చిన ప్రతినిధులు సుమారు 1,200 మంది. లోకమంతటా సువార్త ఎలా వెళ్ళాలో తేల్చడానికి కూడిన ఆ సభలో ఆసియావాళ్ళు ఇరవై మందికి మించరు. విదేశీ పనివారికీ దేశీయ పనివారికీ మధ్య సహకారం గురించి మాట్లాడమని అజరయ్య గారిని అడిగారు. మర్యాదగా నాలుగు మంచి మాటలు చెప్పి దిగిపోవచ్చు. వేదిక మీద ఉన్నవాళ్ళే తన సొసైటీకి మిత్రులు, తన బిషప్‌కు పరిచయస్థులు. తెల్లవాళ్ళ మనసు నొప్పిస్తే తన పనికే ముప్పు.

ఆయన దాచకుండా చెప్పాడు. భారతదేశంలో మిషనెరీకీ దేశీయ గురువుకీ మధ్య ఉన్నది యజమానికీ జీతగాడికీ మధ్య ఉన్న సంబంధమేనని చెప్పాడు. ఏళ్ళ తరబడి ఒకే మిషన్‌లో పనిచేస్తున్నా ఒకరింట ఒకరు భోజనం చేయని సంగతి చెప్పాడు. పైనుంచి కనికరించే చెయ్యి ఉంది గాని పక్కన కూర్చునే మనిషి లేడన్నాడు. తరువాత కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదమూడో అధ్యాయం వైపు తిరిగాడు. మీరు మా కోసం ఆస్తులు ఇచ్చారు, దేహాలు అర్పించారు, మా సంఘం తరతరాలు కృతజ్ఞతతో ఉంటుంది. కాని మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితులను ఇవ్వండి అనే అర్థంతో ముగించాడు.

సభలో కొందరు మెచ్చుకున్నారు, కొందరు బాగా నొచ్చుకున్నారు. కృతఘ్నుడు అనుకున్నవాళ్ళూ ఉండే ఉంటారు. ఆ సభలో వినిపించిన వందల ప్రసంగాల్లో వందేళ్ళ తరువాత కూడా లోకం గుర్తుపెట్టుకున్నది మాత్రం ఆ ఒక్కటే అంటే పెద్ద అతిశయోక్తి కాదు. మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళు విదేశీ వేదికల మీద ఏం మాట్లాడతారో మనకు తెలుసు. పేదరికం ఫొటోలు చూపిస్తారు, కన్నీళ్ళు పెట్టిస్తారు, చందా అడుగుతారు. ముప్పై అయిదేళ్ళ ఈ పల్లెటూరి గురువు అడిగింది డబ్బు కాదు.

మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ గారు ఒక భారతీయుడిని బిషప్‌గా చూడాలని పట్టుబట్టిన మనిషి. అజరయ్య గారి పేరు ఆయన ముందుకు తెచ్చినప్పుడు పెద్ద అలజడే లేచింది. నల్లవాడి కింద తెల్ల గురువులు పనిచేస్తారా అన్నది నోటితో అన్నవాళ్ళు కొందరు, మనసులో అనుకున్నవాళ్ళు ఎందరో. భారతీయ క్రైస్తవుల్లోనూ వ్యతిరేకించినవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు అడ్డొచ్చింది రంగు కాదు, కులం. చివరికి మధ్యేమార్గంగా, డోర్నకల్ చుట్టూ ఒక చిన్న డయాసిస్ కత్తిరించి ఇచ్చారు, తెల్ల మిషనెరీలు ఆయన కిందికి రాకుండా. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కెథెడ్రల్‌లో ఆయన బిషప్‌గా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. అప్పటికి వయసు ముప్పై ఎనిమిది.

తరువాతి పదేళ్ళలో ఆ చిన్న ముక్క పెరిగింది. కృష్ణా తీరపు బందరు, బెజవాడ, ఏలూరు, ఇటు ఖమ్మం, అటు రాయలసీమలోని నంద్యాల వైపు ప్రాంతాలు కూడా డోర్నకల్ డయాసిస్‌లోకి వచ్చాయి. వాటితోపాటు అక్కడ పనిచేసే ఇంగ్లీషు మిషనెరీలూ వచ్చారు. జరగదు అనుకున్నది జరిగింది. వాళ్ళు ఆయన కింద పనిచేశారు, చాలామంది ప్రేమతోనే చేశారు. కాని ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1912 నుంచి 1945లో ఆయన చనిపోయేదాకా, భారతదేశంలో ఒక డయాసిస్‌ను పూర్తిగా ఏలిన ఆంగ్లికన్ బిషప్పుల్లో భారతీయుడు ఆయన ఒక్కడే. తలుపు తెరిచారు గాని, ఆయన వెనుక ఇంకెవర్నీ లోపలికి పిలవలేదు. ముప్పై రెండేళ్ళు ఆయన ఆ ఒంటరితనం మోశాడు.

బిషప్ అనగానే మనకు కళ్ళ ముందు మెదిలే బంగళా, కారు, సెక్రటరీ ఇక్కడ పక్కన పెట్టాలి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆయన పల్లెల్లోనే. రైలు ఉన్నంత దూరం రైలు, తరువాత ఎడ్లబండి, సైకిలు, అదీ పోనిచోట కాళ్ళు. కూలివాళ్ళు పొలాల నుంచి తిరిగివచ్చి, అన్నాలు తిన్నాక, కిరసనాయిల్ లాంతరు వెలుగులో ఆరాధన. నిర్ధారణ పొందడానికి వచ్చినవాళ్ళను ఒక్కొక్కరినీ నిలబెట్టి ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు అప్పజెప్పించుకునేవాడు. అక్షరం ముక్క రాని ముసలమ్మలు అవన్నీ నోటికి చెప్పేవాళ్ళు. తెలుగు కీర్తనలు, భజనలు, పల్లె పాట వరసలు ఆరాధనలోకి రావాలన్నది ఆయన పట్టు. ఇంగ్లీషు రాగాలకు తెలుగు మాటలు అతికిస్తే పల్లెవాడి గుండెలో దిగవని ఆయనకు తెలుసు, ఆయనకూ తెలుగు అమ్మభాష కాదు కదా.

పల్లెలను తినేస్తున్నవి నాలుగు అని ఆయన లెక్క: మురికి, రోగం, అప్పు, తాగుడు. ఇంగ్లీషులో నాలుగూ డి అక్షరంతోనే మొదలవుతాయి కాబట్టి ఆ నాలుగు డి ల మాట ఆ రోజుల్లో మిషన్ బడుల్లో బాగా నలిగింది. ఒంటి మీద గుడ్డ ఉతుక్కోవడం, పిల్లవాడికి జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకుపోవడం, షావుకారి దగ్గర వేలిముద్ర వేయకపోవడం, కల్లుపాక వైపు పోకపోవడం, ఇవన్నీ ఆయన ఉపదేశంలో పది ఆజ్ఞల పక్కనే ఉండేవి. కల్లు గీసిన కులంలో పుట్టినవాడు కల్లు మానమని చెప్పడం చిన్న సంగతి కాదు. పరపతి సంఘాలు పెట్టించాడు. బడులు, వైద్యశాలలు, ఉపదేశులకూ గురువులకూ శిక్షణ ఇచ్చే బడి నడిపించాడు. అన్బు అమ్మగారు ఆడవాళ్ళ మధ్య పనిచేశారు. ఆ పనికి తగినన్ని పేజీలు ఎవరూ రాయలేదు, ఇక్కడ నేనూ రాయలేకపోతున్నాను.

బాప్తిస్మం అప్పుడు ఆయన ఒక పని చేయించేవాడు. బాప్తిస్మం పొందినవాడు తన తల మీద తానే చెయ్యి పెట్టుకుని, సువార్త ప్రకటించకపోతే తనకు అయ్యో అని, పౌలు కొరింథువారికి రాసిన మాట వెంట తాను కూడా ఒప్పుకోవాలి. నిన్నటిదాకా దొర ముందు తలెత్తి మాట్లాడని మనిషి, లోకానికి చెప్పవలసిన మాట తన దగ్గర ఉందని నలుగురి ముందు ఒప్పుకుంటున్నాడు. ఇది ఉపదేశి పని, అది అయ్యగారి పని అనే విభజనకు అక్కడ తావు లేదు.

కానుక సంగతిలోనూ ఆయనది అదే పట్టు. కూలి చేసుకునేవాళ్ళు, వాళ్ళేం ఇస్తారు, మిషన్ ఇస్తుంది అని మంచి మనసుతోనే అనేవాళ్ళు ఉండేవాళ్ళు. ఆ జాలి ఆయనకు నచ్చేది కాదు. ఇవ్వలేడు అని ఒకడిని తేల్చేయడం అతన్ని బిచ్చగాడిగా ఉంచేయడమే అన్నది ఆయన వాదం. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు ప్రభువు కుండలో వేయమని ఆడవాళ్ళకు నేర్పించారు. కోత పండుగకు ధాన్యం, కోళ్ళు, గుడ్లు, గుమ్మడికాయలు గుడి ముందు పోగయ్యేవి. డబ్బు చూడని ఇళ్ళు కూడా ఇచ్చేవి. ఈ విషయం మీద ఆయన క్రైస్తవుడు ఇవ్వడం గురించి ఒక పుస్తకమే రాశారు. ఇంగ్లండు మిషన్ల సహాయం ఆయన కాలంలో పూర్తిగా ఆగలేదన్నది నిజం. ఆగాలని మాత్రం ఆయన కోరుకున్నారు, ఆ దారిలో సంఘాన్ని నడిపించారు.

ఇప్పుడు మన కోత పండుగల్లో ఆ గుమ్మడికాయను వేలం వేస్తాం. ఎక్కువ పాడినవాడి పేరు మైకులో చెబుతాం. పిడికెడు బియ్యం వేసిన ఇల్లాలి పేరు ఆ కాలంలో కూడా ఎవరూ చదవలేదు, ఆ పద్ధతి కుదిరింది కూడా అందుకేనేమో.

అన్నిటికంటే కష్టమైన పని ఇంకొకటి ఉంది. మాలలకూ మాదిగలకూ మధ్య ఉన్న గోడ. రెండు వాడలనూ ఊరు బయటికే తోసింది, అయినా ఒకరింట ఒకరు తినరు, పిల్లను ఇచ్చుకోరు, ఒక వాడలో గుడి కడితే రెండో వాడవాళ్ళు రారు. రెండు వాడలవాళ్ళూ క్రీస్తు దగ్గరికి వచ్చారు, గోడ కూడా వెంట వచ్చింది. ఎడిన్‌బరోలో తెల్లవాళ్ళను నిలదీసిన ప్రశ్న, ఇప్పుడు తన సంఘంలోనే, తనవాళ్ళ మధ్యే ఎదురైంది. మీరు కలిసి భోంచేయరు కదా అని దొరలతో అన్న మనిషి, పల్లెలో ఆ మాట మింగేసి ఊరుకుంటే చెల్లదు. ప్రభు భోజనం దగ్గర అందరూ ఒకే బల్ల చుట్టూ చేరాలి, ఒకే గిన్నె నుంచి తాగాలి అన్న చోట ఆయన తగ్గలేదు. సంఘ విందుల్లో కలిసి కూర్చోబెట్టాడు. చాలాచోట్ల కుదిరింది. గిన్నె దగ్గర కుదిరినది పెళ్ళి దగ్గర మాత్రం కుదరలేదు. ఆయన పోయేనాటికీ ఆ పని సగంలోనే ఉంది. మన రోజుల్లో డయాసిస్ ఎన్నికలు వచ్చినప్పుడు ఎవరు ఎవరికి ఓటేస్తారో, ఏ లెక్కల మీద వేస్తారో, ఈ పేజీ చదివేవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు.

ఆయన పద్ధతిలో లోపాలు లేవని అనను. కట్టడి ఎక్కువ. గురువులైనా ఉపదేశులైనా తప్పు చేస్తే ఉపేక్షించేవాడు కాదు. పల్లె పండుగల్లో కొన్నిటిని కలుపుకున్నా, విగ్రహారాధన వాసన తగిలిన ఏ ఆచారాన్నీ ఒప్పుకోలేదు. తండ్రిలా పెంచాడు, తండ్రిలాగే గదమాయించాడు. స్నేహితులను అడిగిన మనిషి తన కింది గురువులకు ఎంతవరకు స్నేహితుడయ్యాడు అని ఎవరైనా అడిగితే, కొందరికి అయ్యాడు, కొందరికి బిషప్‌గానే ఉండిపోయాడు అనే చెప్పాలి.

1930ల నాటికి ఆ డయాసిస్‌లో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. మాల, మాదిగ వాడల్లో వచ్చిన మార్పు చూసి ఊళ్ళోని శూద్ర కులాలవాళ్ళు కూడా కొన్ని చోట్ల బాప్తిస్మానికి వచ్చారు. ఈ గుంపుల రాక దేశంలో పెద్ద వివాదమైంది. 1935లో అంబేద్కర్ గారు తాను హిందువుగా చావనని ప్రకటించాక అది ఇంకా రాజుకుంది. చదువురాని హరిజనులను మిషన్లు లాక్కుపోతున్నాయని, వాళ్ళకు మతం సంగతి తెలిసే మారుతున్నారా అని గాంధీ గారు తన పత్రికలో రాశారు. అంటరానితనం పాపమన్న దగ్గర ఇద్దరూ ఒకటే. ఆ తరువాతే దారులు వేరయ్యాయి. వాడలో కూలివాడికీ ఆత్మ ఉంది, తనకు ఏది మంచిదో ఎంచుకునే తెలివి ఉంది, ఆ స్వేచ్ఛ వాడికి లేదనడానికి ఎవరికీ హక్కు లేదు అన్నది అజరయ్య గారి నిలకడ.

ఈ వివాదంలో చాలామంది మరిచిపోయే సంగతి ఒకటి. మతం మార్చి తలలు లెక్కపెట్టుకుని రాజకీయం చేస్తున్నారన్నది మిషన్ల మీద నింద. కాని బ్రిటిష్ ప్రభుత్వం క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇవ్వజూపినప్పుడు, వద్దని గట్టిగా చెప్పినవాళ్ళలో ముందున్నది అజరయ్య గారే. వేరే ఓటరు జాబితా పెట్టుకుంటే క్రైస్తవులు ఇంకో కులంలా ముడుచుకుపోతారు, పొరుగువాడికి సువార్త చెప్పవలసినవాడు పొరుగువాడితో సీట్ల కోసం తగువు పడతాడు అని ఆయన భయం. లక్షల మంది వెంట ఉన్న మనిషి ఆ సంఖ్యను రాజకీయానికి వాడుకోనన్నాడు. దేశభక్తి లేదని ఆయనను అన్నవాళ్ళు ఈ సంగతి పట్టించుకోలేదు.

డోర్నకల్ గుడి కట్టడానికి సుమారు పాతికేళ్ళు పట్టింది. మెదక్ గుడి 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ అయింది. డోర్నకల్‌ది 1939 జనవరి 6న, క్రీస్తు ప్రత్యక్షతా పండుగ నాడు. మెదక్ గుడి చూస్తే ఇంగ్లండు గుర్తొస్తుంది. డోర్నకల్ గుడికి మసీదుల్లాంటి గుమ్మటాలున్నాయి, గుళ్ళలో కనిపించే రాతి స్తంభాల్లాంటివి ఉన్నాయి, పైన శిలువ ఉంది. నిజాం రాజ్యంలో, తెలుగు పల్లెల మధ్య, క్రీస్తు సంఘం ఇలా ఉండాలని ఒక తమిళుడు కన్న కల అది. అందం సంగతి అడిగితే మెదక్‌కే నా ఓటు, దాచను. ఆ గుడి కట్టినవాళ్ళ మనసులో ఏముందో తెలియాలంటే మాత్రం డోర్నకల్ చూడాలి.

చివరగా ఐక్యత సంగతి. ఆ రోజుల్లో తెలుగుదేశాన్ని మిషన్లు పంచుకున్నాయి. ఇటు మెదక్, మన వైపంతా వెస్లియన్ మెథడిస్టులు. డోర్నకల్, బెజవాడ ఆంగ్లికన్లు. ఒంగోలు, నల్లగొండ వైపు బాప్టిస్టులు, గుంటూరు లూథరన్లు, జమ్మలమడుగు లండన్ మిషన్. ఒక జిల్లాలో బాప్తిస్మం పొందిన కూలివాడు పని వెతుక్కుంటూ పక్క జిల్లాకు పోతే, అక్కడి సంఘం బల్ల దగ్గరికి రానివ్వదు. ఆ గొడవలేవీ వాడివి కావు. ఇంగ్లండులో, జర్మనీలో, అమెరికాలో ఎన్నడో పడ్డ తగాదాలు వాటి పేర్లతో సహా దిగుమతి అయ్యాయి. పాశ్చాత్య దేశాల సభల్లో అజరయ్య గారు ఈ మాట పదేపదే చెప్పారు: చీలికలు మీకు చర్చించుకునే విషయం, మాకు అవి పాపం, సువార్తకు అడ్డం అని ఆయన ఉద్దేశం.

1919 మేలో తరంగంబాడిలో, దేశంలో మొదటి ప్రొటెస్టెంటు మిషనెరీలు దిగిన ఆ సముద్రపు ఒడ్డున, ఆంగ్లికన్ సంఘానికీ, ఇతర సంఘాలకూ చెందిన ముప్పై ముగ్గురు కూర్చున్నారు. వాళ్ళలో ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. అజరయ్య గారు వాళ్ళను నడిపించారు. అక్కడ మొదలైన మాటలు కమిటీలుగా, ముసాయిదాలుగా, అభ్యంతరాలుగా, సవరణలుగా ఇరవై ఎనిమిదేళ్ళు సాగాయి. బిషప్పులు ఉండాలా వద్దా, ఒకరు అభిషేకించిన గురువులను మరొకరు గుర్తించాలా, బల్ల దగ్గర ఎవరు ఎవరికి వడ్డించవచ్చు, ప్రతి ప్రశ్న మీదా ఏళ్ళు గడిచాయి. ఇంగ్లండు నుంచి పెద్ద పెద్ద పండితులు ఇది కుదరదని రాశారు. ఆయన ఓపిక పట్టాడు. ప్రతి సమావేశం తరువాత మళ్ళీ డోర్నకల్ వచ్చి, ఎడ్లబండెక్కి, తన పల్లెలకు పోయేవాడు.

1945 కొత్త సంవత్సరం రోజున, జనవరి 1న, డోర్నకల్‌లో బిషప్ అజరయ్య గారు ప్రభువులో నిద్రించారు. వయసు డెబ్బై. పల్లెల నుంచి వచ్చిన జనం మధ్య, తాను కట్టిన గుడి పక్కనే సమాధి చేశారు. అదే ఏడాది ఆంగ్లికన్ సంఘం ఐక్యతకు ఒప్పుకుంది. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథెడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, సౌత్ ఇండియా యునైటెడ్ చర్చివాళ్ళు కలిసి ఒకే సంఘమయ్యారు. అప్పటిదాకా వేరువేరుగా ఉన్న మెదక్, డోర్నకల్ ఆ రోజు నుంచి ఒకే సి.ఎస్.ఐ.లో రెండు డయాసిస్‌లు. ఇటు మెథడిస్టు గురువు అభిషేకించిన రొట్టె, అటు డోర్నకల్ వాడలోని ముసలమ్మ అడ్డులేకుండా తీసుకోగలిగిన రోజు అది.